నాంపల్లి నుండి సరళవనమునకు

ఖైరతాబాదు వినాయకుని నిమజ్జనమై ఆ పేట వీధులలో జనసమ్మర్దము సద్దుమణిగిన పిమ్మట, అచటనే కాపురముండి అరణ్యశాఖలో ఉద్యోగము విరమించిన ఒక వృద్ధమిత్రుని వెంటబెట్టుకొని అరకుకు ప్రయాణమైతిని. సైఫాబాదులోని అరణ్యభవనము ముందుగా ఆటో పోవుచుండగా, "అక్కడ నావి బదిలీ ఉత్తర్వులే గాని చెట్లు లేవండీ" యని ఆయన నవ్వెను. యౌవనమున విశాఖ మన్యములో పైను నారుమళ్లు పెంచిన మనిషి. సాయంకాలము నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి విశాఖపట్టణమున కిరండూల్ బండి పట్టితిమి. బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు దింపుటకై 1960వ దశకములో కొండలు తొలిచి వేసిన ఆ మార్గమంతటికి 58 సొరంగములు. చీకటి వెనుక చీకటి దాటినకొలది గాలి చల్లనగుచు, సుమారు 3,000 అడుగుల ఎత్తున అరకులోయ వచ్చినది.

కుమారసంభవమున ఏనుగులు చెక్కిళ్లు రాచుకొనగా పాలు స్రవించిన సరళవృక్షముల పరిమళమును కాళిదాసు ద్వారా ఎరిగినవారికి, అరకు పైనుతోట కనులపండువు. అయితే హిమాలయములలోను ఈశాన్యపు కొండలలోను తప్ప మన దేశమున ఈ జాతి స్వయముగ మొలచినది కాదు. కాగితపు గుజ్జుకు పొడవైన నార కావలెనని విదేశపు పైనులను మనవారు నాటి చూచిరి. వేళ్లనంటి బ్రతికెడి ఒక విధమైన బూజు మట్టిలో లేనిదే మొక్క ఎదుగదు గనుక, ముదురు తోటల మట్టిని మోయించి తెచ్చి నారుమడిలో కలుపవలసియుండెడిదట. ఆ కష్టము చెప్పునపుడు ఆయన కంఠమున గర్వము దాగలేదు.

"ఇంత చేసి పెంచిన తోట, మీకు తృప్తిగా లేదా?" యంటిని.

"లేకేమి? కానీ వంగి చూడండి."

రాలిన సూదియాకులు త్వరగా చివుకక, చాప పరచినట్లు నేలను కప్పియుండెను. వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలును. క్రింద పొదలు మిక్కిలి పలుచన. అడ్డాకు లేదు, ఇప్పపూవు లేదు. గంపతో వచ్చిన గిరిజన స్త్రీ వట్టిచేతులతో మరలవలసినదే.

ప్రక్క గట్టున, పోడు మానిన నేలలో, మద్దియు నేరేడును పాత మోళ్లనుండి తామే చిగిర్చి మనిషెత్తు దాటినవి. "ఇక్కడ ఒక్క మొక్క నాటలేదండీ. పశువులనూ నిప్పునూ రానివ్వలేదు, అంతే." 2015లో హరితహారమునకై తెలంగాణము 230 కోట్ల మొక్కలు నాట సంకల్పించినపుడు, నాటిననాడు గాక మరుసటి వేసవి కడపట లెక్కింపుడని ఆయన మిత్రులతో వాదించెనట, ఆ వాదము నాకు న్యాయముగనే తోచినది.

పైనుతోటను నరకుమని ఆయన అనడు, నేనును అనను. అడవి యనుటకు మాత్రము నా మనసొప్పదు. అరకు పోవువారు ఆ చెట్ల నడుమ ఛాయాచిత్రము తీయించుకొని మరలిపోక, ప్రక్క గట్టుదాక నడచి చూడవలెను. వానకారు దారి బురదగా నుండును, చెప్పులు పనికిరావు.