తొలి ఎపిసోడ్‌లో నవ్వు రాకపోతే

కొత్త సిట్‌కామ్ మొదటి ఎపిసోడ్ అయిపోగానే పక్కవాళ్లు అడిగేదీ, మనం చెప్పేదీ ఒక్కటే: నవ్వొచ్చిందా, రాలేదా? కామెడీ అని బోర్డు కట్టినవాణ్ణి నవ్వు అడగడం అన్యాయమేమీ కాదు. కానీ ఆ ఒక్క తూకంతో తూస్తే ఏళ్ల తరబడి నిలబడ్డ సిట్‌కామ్‌లు చాలావరకు తొలిరోజే తేలిపోతాయి. తొలి ఎపిసోడ్‌ని అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని నా వాదన. ఈ మనుషులు ఒకరంటే ఒకరికి పడకపోయినా ఎందుకు విడిపోలేరు? ఏ ఇరకాటం వీళ్లని ఒకే గదిలో, ఒకే కొట్లో, ఒకే ఆఫీసులో కట్టి పడేసింది? మన డైలీ సీరియల్‌కి ఈ బాధ లేదు. రేపేమవుతుందన్న బెంగ ఒకటి అంటించి పంపిస్తే చాలు, ప్రేక్షకుడు మర్నాడు తనే వస్తాడు. సిట్‌కామ్ ప్రతి వారం కథ ముగించేసి మళ్లీ మొదటి గడిలోకే వచ్చి నిలబడాలి. ఆ మొదటి గడి ఎంత గట్టిదో చూపించడమే తొలి ఎపిసోడ్ పని.

అమెరికాలో ఎన్‌బీసీ చానల్ 1982 సెప్టెంబరు 30న మొదలుపెట్టిన ‘చీర్స్’ తొలి ఎపిసోడ్‌ని ఈ కోణం నుంచి చూడండి. అది బోస్టన్‌లో ఒక బారు. యజమాని శామ్ మలోన్ ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు, తాగుడుతో ఆట పోగొట్టుకుని, తాగుడు మానేసి బారు నడుపుతున్నవాడు. ఈ ఒక్క వాక్యంలోనే సగం ఇరకాటం ఉంది. అక్కడికి డయాన్ అనే చదువుకున్న అమ్మాయి తనకి కాబోయే భర్తతో వస్తుంది. ఆయనో ప్రొఫెసరు. ఇద్దరూ పెళ్లి చేసుకోవడానికి బార్బడోస్ వెళ్తున్నారు. మాజీ భార్య దగ్గరున్న ఉంగరం తెస్తానని ప్రొఫెసరు వెళ్తాడు, ఆమె సాయంత్రమంతా ఆ బారులోనే ఎదురుచూస్తుంది. చివరికి ఆయన మాజీ భార్యతోనే బార్బడోస్ చెక్కేశాడని తెలుస్తుంది. కెమెరా ఒక్కసారి కూడా వీధిలోకి వెళ్లదు. ఆ ఉంగరం, మాజీ భార్య, విమానం అన్నీ గుమ్మం అవతలే జరిగిపోతాయి. శామ్ ఉద్యోగం ఇస్తానంటే డయాన్ చీదరించుకుంటుంది. అంతలో వెయిట్రెస్ చెప్పిన పొడుగాటి ఆర్డరుని పొల్లుపోకుండా తిరిగి అప్పజెబుతుంది. ఇంత సాహిత్యం చదివి తనకి చేతనైన పని ఇదొక్కటేనా అని అప్పుడు అర్థమవుతుంది. చివరి సీన్లో వెయిట్రెస్‌గా తన మొదటి టేబుల్ దగ్గర కూర్చుని, తనలాంటి మనిషి ఇక్కడికెందుకు రావలసి వచ్చిందో విస్తారంగా వివరిస్తుంది. తీరా చూస్తే వాళ్లు పరదేశీలు. వాళ్ల గోలంతా పోయిన సామాను గురించి, పోలీసులెక్కడని. ఆ ఎపిసోడ్‌లో పగలబడి నవ్వే చోట్లు ఎన్నో లేవు. కానీ ఆమె ఎక్కడికీ పోలేదు, శామ్ ఆమెని పంపలేడు. మొదట్లో రేటింగులు అట్టడుగున ఉన్నా ఆ గది 1993 దాకా, పదకొండు సీజన్ల పాటు నిలిచింది. తొలి ఎపిసోడ్ రాసిన గ్లెన్ చార్ల్స్, లెస్ చార్ల్స్ సోదరులకి ఆ రచనకే ఎమ్మీ వచ్చింది. బహుమతులతో ఏదీ రుజువు కాదనుకోండి, అయినా ఈసారి సరైన చోటుకే చేరింది.

నవ్వు సంగతి ఇంత తేలిగ్గా పక్కన పెట్టేస్తే ఎలాగని అడగొచ్చు. పక్కన పెట్టడం లేదు, వాయిదా వేస్తున్నానంతే. సిట్‌కామ్ నవ్వు జోకు నవ్వు కాదు, పరిచయపు నవ్వు. ‘చీర్స్’లో నార్మ్ అనే అకౌంటెంటు తలుపు తోసుకుని రాగానే బారంతా అతని పేరు పెట్టి అరుస్తుంది. అందులో చమత్కారం ఏముంది? ఏమీ లేదు. అదే అరుపు యాభయ్యోసారి వినబడేసరికి అతను నోరు తెరవకముందే జనం నవ్వుతారు. ఇంట్లో భార్య ఉందనీ, ఈయన ఇంటికి పోడనీ, పాత బాకీ తీర్చడనీ వాళ్లకి తెలుసు. తొలి ఎపిసోడ్‌లో ఈ తెలియడం అనేది ఉండదు. నటులకే తమ పాత్ర పూర్తిగా పట్టుబడదు, రచయితలకి ఆ నటుల నోట ఏది పలుకుతుందో ఇంకా తెలియదు. అలాంటప్పుడు విపరీతంగా నవ్వించే తొలి ఎపిసోడ్ కనిపిస్తే నాకు కొంచెం అనుమానమే. ఆ జోకులు ఎవరు చెప్పినా నవ్వు వచ్చేవై ఉంటాయి, ఆ మనిషికే చెందినవై ఉండవు.

ఇరకాటం అసలు సరుకు అనడానికి ఇంకో సాక్ష్యం, అది ఊళ్లు దాటుతుంది. బ్రిటన్‌లో 2001లో వచ్చిన ‘ది ఆఫీస్’ తొలి ఎపిసోడ్‌నే 2005లో అమెరికావాళ్లు దాదాపు యథాతథంగా తీశారు. జెల్లీలో స్టేప్లర్ ముంచిన అల్లరితో సహా దించేశారు. హాస్యం మాత్రం దిగలేదు. ఒక దేశంలో సరిపోయిన చిరాకు ఇంకో దేశపు మనిషి మొహం మీద కేవలం మొరటుగా కనిపించింది. కానీ కాగితాలమ్మే కంపెనీ, తనని అందరూ ప్రేమిస్తున్నారనుకునే మేనేజరు, జీతం కోసం అతన్ని భరించే జనం అనే చట్రం చెక్కుచెదరలేదు. రెండో సీజన్‌లో మేనేజరు పాత్రలోకి కాస్త మంచితనం పోశాక అదే చట్రం 2013 దాకా నడిచింది. మన దగ్గరికొస్తే హిందీ ‘పంచాయత్’ (2020) తొలి ఎపిసోడ్‌లో ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు నెలకి ఇరవై వేల జీతానికి పంచాయతీ కార్యదర్శిగా పల్లెకి వస్తాడు. ఆఫీసుకి తాళం, తాళంచెవి కనపడదు. అతని బస కూడా ఆ ఆఫీసులోనే. ఈ కాస్త ఏర్పాటులోనే అంతా ఉంది. అందుకే అది 2025లో ‘సివరపల్లి’గా తెలుగులోకి వచ్చినప్పుడు మనుషులు, యాస మారినా కూర్చున్న పీట మారలేదు. ‘అమృతం’ సంగతి ఇంకా విచిత్రం. 2001 నుంచి 2007 దాకా జెమినిలో నడిచిన ఆ సీరియల్లో అమృతరావు పాత్ర శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ చేతులు మారింది. అసలు నాయకుడి మొహమే మారిపోయినా హోటల్ నష్టాలు, ఇంటి ఓనరు అప్పాజీ, పక్కనే స్నేహితుడు అంజి, ప్రతిసారీ డబ్బు మార్గమొకటి వెతికి బోల్తాపడటం అలాగే ఉన్నాయి. యూట్యూబ్‌లో ఏ ఎపిసోడ్ తగిలితే అది చూసే జనం మొదటిది ఎలా ఉండేదో పట్టించుకోరు.

దీనికి గట్టి అభ్యంతరం ‘సైన్‌ఫెల్డ్’. ఇరకాటమే లేని సిట్‌కామ్ కదా అది? న్యూయార్కులో నలుగురు, ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరూ ఎవరికీ కట్టుబడిలేరు. 1989 జూలై 5న వచ్చిన దాని తొలి ఎపిసోడ్‌ని ముందుగా జనానికి చూపిస్తే బలహీనంగా ఉందనే తీర్పు వచ్చింది. ఆ తీర్పు తప్పని ఇప్పుడు అందరూ నవ్వుతారు. నా మటుకు నాకు అది సరైన తీర్పే. ఎలేన్ పాత్ర ఇంకా లేదు. ఎదురింటి క్రేమర్‌ని అప్పుడు కెస్లర్ అని పిలుస్తారు, పైగా అతను లోపలికి రావడానికి తలుపు తడతాడు! తలుపు తట్టే ఎదురింటాయన మర్యాదస్తుడు, అంతకుమించి అతనితో పనిలేదు. తర్వాత ఆ తలుపే ఆ సీరియల్ సర్వస్వమైంది. అడగకుండా తోసుకొచ్చి ఫ్రిజ్ తెరిచే మనిషిని ఇంటాయన జెర్రీ ఆపలేడు, ఎలేన్ మాజీ ప్రేయసి కనుక పూర్తిగా రాదు, పూర్తిగా పోదు. అంటే ‘సైన్‌ఫెల్డ్’ ఇరకాటం లేకుండా గెలవలేదు, ఆలస్యంగా కట్టుకుంది. కట్టుకునే గడువు దొరకడం మాత్రం అదృష్టం. ఎన్‌బీసీలో స్పెషల్స్ చూసే రిక్ లుడ్విన్ తన బడ్జెట్లోంచి డబ్బు తీసి ఇంకో నాలుగు ఎపిసోడ్లు తీయించకపోతే ఆ తలుపు తట్టుకుంటూనే ఆగిపోయేది.

ఇంకో మాట కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. అంత ఓపిక ఎవరికుంది? ఓటీటీలో పక్క బొమ్మ నొక్కడానికి ఒక్క క్షణం చాలు, పది నిమిషాలు నవ్వు రాకపోతే పోతారు. పోతారు, నిజమే. అయితే ఓపిక తగ్గినకొద్దీ తొలి ఎపిసోడ్‌లో జోకులు దట్టించడం కన్నా ఇరకాటాన్ని ముందుగా చూపించడమే తెలివి. పంచాయతీ ఆఫీసు తాళం సంగతి అర్థం కావడానికి పది నిమిషాలు అక్కర్లేదు. ఇప్పుడొచ్చే చాలా కొత్త కామెడీల్లో లోపం అక్కడే: అందరి చేతుల్లో ఫోనుంటుంది, అందరికీ బండి ఉంటుంది, కోపమొస్తే క్యాబ్ బుక్ చేసుకుని వెళ్లిపోవచ్చు, వెళ్లిపోనివ్వనిదేదో రచయిత చెప్పడు. ఇరకాటం బాగుంటే సిట్‌కామ్ తప్పక ఆడుతుందని కాదు. బారులు, ఆఫీసులు, అద్దెకొంపలు పెట్టి మూతపడ్డవి బోలెడు. తొలి ఎపిసోడ్‌లో మనకి తెలిసేది ఆ ఇల్లు నిలబడగలదా అన్నంత వరకే, అందులో ఎవరు కాపురముంటారో ఐదారు వారాలైతే గానీ తేలదు.