సభలో అణువు: ఓటూ, ప్రశ్నా

చట్టసభ సభ్యుణ్ణి అంచనా కట్టాలంటే ఆయన ఉపన్యాసాలు పక్కన పెట్టి ఓట్లు చూడమంటారు. మాట సబబైనదే. బ్రిటనులో అది సాధ్యం కూడాను. అక్కడి కామన్సు సభలో ఏదైనా విషయం మీద పట్టుదల వచ్చినప్పుడు సభ్యులు రెండు పాయలుగా చీలి రెండు లాబీలగుండా నడిచిపోతారు. ఎవరు ఎటు నడిచిందీ పేర్లతో సహా అచ్చవుతుంది. అణువిద్యుత్తు విషయంలో తన ప్రతినిధి ఇరవై యేళ్ళుగా ఎటు నిలిచాడో అక్కడి ఓటరు ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకోవచ్చు. ఆ పనే మన పార్లమెంటు విషయంలో చేద్దామని నేను కొన్నాళ్ళు గ్రంథాలయంలో కూర్చున్నాను. బైండు చేసిన సభా చర్చల సంపుటాలు తిరగేశాను. చేతులకు దుమ్ము బాగానే అంటింది గాని, ఓట్లు దాదాపు దొరకనేలేదు.

ఎందుకు దొరకలేదంటే, మన సభల్లో బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. స్పీకరు అడుగుతారు, అవునన్నవాళ్ళు అరుస్తారు, కాదన్నవాళ్ళు అరుస్తారు, ఏ గొంతులు ఎక్కువో స్పీకరు చెవి నిర్ణయిస్తుంది. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ కోరితే తప్ప పేర్లు కాగితానికి ఎక్కవు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి నష్టపరిహార చట్టాన్నీ అది రద్దు చేసింది, అణువిద్యుత్తు రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. అంతటి చట్టం కూడా రెండు సభల్లోనూ మూజువాణితోనే నెగ్గింది. రేపు మన మనమడు "మన జిల్లా సభ్యుడు దీనికి ఒప్పుకున్నాడా, లేదా?" అని అడిగితే ప్రతిపక్షం లోక్‌సభలో బయటికి నడిచిందని చెప్పగలం గాని, లోపల మిగిలిన గొంతుల్లో ఫలానా గొంతు ఉందో లేదో చెప్పలేం.

ఓటు పేర్లతో నమోదయిన సందర్భం ఒకటుంది. అమెరికాతో అణు ఒప్పందం కారణంగా 2008 జులైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి. 22న విశ్వాస తీర్మానం మీద ఓటింగు జరిగింది: 275 అనుకూలం, 256 వ్యతిరేకం. ఆనాడు సభలో నోట్లకట్టలు ఎత్తి చూపించిన దృశ్యం దేశమంతా చూసింది. అయితే ఆ 275, 256లలో అణువును గురించి ఆలోచించి వేసిన ఓట్లెన్ని? అది ప్రభుత్వం నిలవాలా పడాలా అన్న ఓటు. పైగా 1985లో ఫిరాయింపుల నిషేధ చట్టం వచ్చిన తరువాత పార్టీ విప్ జారీ అయితే సభ్యుడి వేలు సభ్యుడిది కాదు. ఒప్పందాన్ని ఒప్పందంగా మన పార్లమెంటు ఓటుకు పెట్టనేలేదు. పెట్టవలసిన విధి మన రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వానికి లేదు. చిత్రమేమిటంటే, అదే ఒప్పందం మీద అమెరికా ప్రతినిధుల సభ 298–117గానూ, సెనేటు 86–13గానూ ఓటు చేశాయి. మన దేశపు అణు వ్యవహారం మీద అమెరికాలోని ఏదో ఒక మూల రాష్ట్రపు సభ్యుడి అభిప్రాయం పేరుతో సహా దొరుకుతుంది. మనవాళ్ళది దొరకదు.

ఓటు దొరకనప్పుడు ఇక మిగిలేది ప్రశ్న. నేను ఓట్లకోసం వెళ్ళి ప్రశ్నల్లో చిక్కుకున్నాను.

మొదటిది 1948 ఏప్రిల్ నాటిది. అప్పటికి మనకు పార్లమెంటు లేదు. రాజ్యాంగ సభే చట్టసభగా కూడా కూర్చుంటున్నది. నెహ్రూ అణుశక్తి బిల్లు ప్రవేశపెట్టారు. మైసూరు సభ్యుడు ఎస్. వి. కృష్ణమూర్తిరావు లేచి ఒక మాట అడిగాడు: బ్రిటిషు చట్టంలో రహస్యం దేశరక్షణకు సంబంధించిన పనులకే కదా, మన బిల్లులో శాంతియుత పరిశోధనకు కూడా ఎందుకు? అమెరికా చట్టంలో ఉన్నట్టు పర్యవేక్షణకు కట్టుదిట్టాలు మనకెందుకు లేవు? ఈయన ప్రతిపక్షం మనిషి కాడు, కాంగ్రెసు వాడే. తరువాత రాజ్యసభకు ఉపాధ్యక్షుడూ, లోక్‌సభకు డిప్యూటీ స్పీకరూ అయినవాడు.

నెహ్రూ జవాబు ఆ ప్రశ్నంత విలువైనది. పరిశోధన ఫలితాలు మన చేయి దాటి పోకూడదనీ, రహస్యం పాటించకపోతే ఇతర దేశాలు తమకు తెలిసింది మనతో పంచుకోవనీ కారణాలు చెప్పారు. చివరికి శాంతి వినియోగానికీ యుద్ధ వినియోగానికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలో తనకు తెలియదని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. తరువాత వచ్చిన జవాబుల్లో అంత నిజాయితీ కనిపించదు. ఇరవైఆరేళ్ళు గడిచాక, 1974 మే 18న, పోఖరాన్‌లో పేలుడు జరిగింది. అందులో వాడిన ప్లుటోనియం శాంతియుత పరిశోధన కోసమని కెనడా సహాయంతో కట్టిన రియాక్టరు నుంచి వచ్చింది. ఆనాటి ప్రశ్నకు సిసలైన జవాబు సభలో కాదు, ఎడారిలో వచ్చిందన్నమాట.

రెండవ ప్రశ్నకర్త మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గర పల్లెటూళ్ళో చిన్న దుకాణదారు ఇంట పుట్టి, నక్షత్రాల కాంతిని చదివే సూత్రం కనిపెట్టి ప్రపంచ ప్రసిద్ధుడైన భౌతికశాస్త్రజ్ఞుడు. (రేడియోలో మనం వినే శక సంవత్సరపు తేదీ వెనక ఉన్న పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.) 1952లో కలకత్తా వాయవ్య నియోజకవర్గం నుంచి, వామపక్షాల మద్దతుతో, స్వతంత్రుడుగా లోక్‌సభకు వచ్చాడు. స్వతంత్రుడి ఒక్క ఓటుతో ఆనాటి కాంగ్రెసు మెజారిటీ ముందు ఏమవుతుంది? ఓట్ల లెక్కలో సాహా సున్నా. అయినా అణుశక్తి శాంతియుత వినియోగం మీద 1954 మే 10న లోక్‌సభలో చర్చ జరిగిందంటే అది ఆయన లేవదీసినదే. 1948 చట్టం కప్పిన రహస్యపు ముసుగు శాస్త్రాన్ని ఊపిరాడకుండా చేస్తున్నదన్నది ఆయన ఫిర్యాదు. విశ్వవిద్యాలయాలను పక్కకు నెట్టి ఒక్కచోట అంతా పోగుచేస్తే రేపటికి మనుషులు ఎక్కడినుంచి వస్తారన్నది ఆయన బెంగ.

సాహాది భాభా మీద అసూయ అని తీసిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళిద్దరికీ పడని మాట నిజమే. 1948లో అణుశక్తి సంఘం పెట్టటమే తొందరపాటు, ముందు పరిశ్రమా శిక్షణ పొందిన మనుషులూ కావాలని సాహా వాదించాడు. ఆ సంఘానికి అధ్యక్షుడు భాభా అయ్యాడు. కాని కవి ఎందుకు కోపగించాడో తెలిసినంత మాత్రాన పద్యం విలువ తేలిపోతుందా? ప్రశ్నకూ అంతే. అడిగినవాడి మనసులో ఏముందో వెతకటం కంటే, అడిగినదానికి జవాబు వచ్చిందో లేదో చూడటం మేలు. జవాబు మూడు నెలలు తిరక్కుండానే వచ్చింది. 1954 ఆగస్టు 3న అణుశక్తి శాఖ ఏర్పడింది, నేరుగా ప్రధానమంత్రి కింద. సాహా తలుపు కొంచెం తెరవమన్నాడు. తాళంచెవి ఇంకా పైఅంతస్తుకు పోయింది. 1956 ఫిబ్రవరిలో ఆయన ఢిల్లీలోనే చనిపోయాడు. అదే ఏడు ఆగస్టులో మన మొదటి రియాక్టరు అప్సర పనిచెయ్యటం మొదలుపెట్టింది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. అణు వ్యతిరేకులందరూ సాహాను తమవాడంటే నేనొప్పుకోను. ఆయన అణుశక్తి కావాలన్నవాడు, కలకత్తాలో అణుభౌతిక సంస్థ స్థాపించినవాడు. అనుకూలమా, ప్రతికూలమా అని రెండే గళ్ళున్న పట్టికలో ఆయన్ని ఎక్కడ వెయ్యాలి?

మన సభ్యులు చట్టాన్ని నిజంగా చదివిన సందర్భం నాకు తెలిసి 2010 ఆగస్టు. అణు ప్రమాద నష్టపరిహార బిల్లు పదిహేడవ నిబంధనలో, లోపమున్న పరికరం అమ్మిన కంపెనీని నష్టం అడిగే హక్కు ఉంది. స్థాయీసంఘం నివేదికలో ఆ ఉపనిబంధనల మధ్య ఒక చిన్న మాట దూరింది: 'మరియు'. దాంతో ఒక షరతు నెరవేరితేనే రెండోది వర్తిస్తుందన్న అర్థం వచ్చి, హక్కు కాస్తా గాలికి పోయేది. గోల చేస్తే తీసేశారు. వెంటనే మరో సవరణలో 'ఉద్దేశపూర్వకంగా' అన్న అర్థం వచ్చే మాట వచ్చి కూర్చుంది. అమ్మినవాడు కావాలనే చెడగొట్టాడని రుజువు చెయ్యాలట! దాన్నీ పీకించారు. తెలుగు వాక్యానికి 'మరియు' అక్కర్లేదని మన రచయితలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చే మాటని నాకు ఆ బిల్లు చూసేదాకా తట్టలేదు. భోపాల్ జ్ఞాపకం ఉన్న దేశంలో ఆ రెండు మాటలు తీయించినవాళ్ళు, వామపక్షమైనా భాజపా అయినా, చట్టసభ సభ్యులన్న పేరుకు తగిన పని చేశారు. 2025 చట్టం ఆ హక్కునే చట్టంలోనుంచి తప్పించి, కాంట్రాక్టులో రాసుకుంటే రాసుకోండని వదిలేసింది. పదిహేనేళ్ళ కిందట మాటకు మాట కాపలా కాసిన సభలోనే ఇది జరిగింది.

మొన్న రణస్థలం వైపునుంచి మా బావ ఒకాయన వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ దగ్గర 1208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు పెట్టాలన్న సంకల్పం ఉంది గదా, ఆ చుట్టుపక్కల మనిషి. "మన ఎంపీ దీనిమీద ఎటు ఓటేసినాడు బావా? నువ్వు ఆ పుస్తకాలన్నీ చదివినావు గదా" అన్నాడు. ఓటు లేదన్నాను. నమ్మలేదు. కొవ్వాడకు 'సూత్రప్రాయంగా' ఆమోదం 2009లో వచ్చింది. మొదట ఒక అమెరికా కంపెనీ పేరు, తరువాత గుజరాత్‌లోని మిఠీవిర్డికి అనుకున్న మరో అమెరికా కంపెనీ పేరు. కంపెనీ మారింది, 'సూత్రప్రాయం' మారలేదు. సభలో ఎవరు కొవ్వాడ మాటెత్తినా జవాబు ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. చేపల వలా, కొబ్బరితోటా సూత్రప్రాయంగా ఉండవు గదా.

ఎంపీగారి దగ్గరికి తీసుకువెళ్ళటానికి ఒక ప్రశ్న రాసిమ్మని అడిగాడు. నక్షత్రం గుర్తు ఉంటే మంత్రి లేచి నోటితో చెప్పాలనీ, మీదమీద అనుబంధ ప్రశ్నలు వెయ్యవచ్చనీ, గుర్తు లేకపోతే కాగితం మీద జవాబుతో సరిపెడతారనీ, పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలనీ చెప్పాను. 'సూత్రప్రాయం' అన్న మాటకు చట్టంలో గడువేమైనా ఉన్నదా అని, లోతుగా ఉంటుందని నేననుకున్న ప్రశ్న ఒకటి రాశాను. ఆయన చదివి, కలం తీసుకుని దాన్ని కొట్టేశాడు. కింద తనే రాశాడు: ఎన్ని ఎకరాలు? ఎన్ని ఇళ్ళు? డబ్బు ఏ నెల? సముద్రం మీదికి పోయేవాళ్ళకు భూమి లేదు గదా, వాళ్ళ లెక్క ఏది? పడవల సంఖ్య మాత్రం ఇంటికి వెళ్ళి కనుక్కుని చేరుస్తానన్నాడు.