లైన్ కౌంటర్ రీలు, మా అన్నయ్య బార

ఈసారి పోస్టు కాస్త పొడుగు, తీరిగ్గా చదవండి.

మన కుందలహళ్ళి గ్రూపులో గేలం సరదా ఉన్నవాళ్ళు నలుగురైదుగురున్నారు. సెలవులు కలిసొస్తే మల్పే, కార్వార్ వెళ్ళి పడవ మాట్లాడుకుంటారు. వాళ్ళలో ఇద్దరు నన్నడిగారు: "అమెరికా నుంచి మనిషి వస్తున్నాడు, ట్రోలింగ్‌కి లైన్ కౌంటర్ రీలు తెప్పిద్దామనుకుంటున్నాం, ఏది మంచిది?" అని. ఈ మధ్యే ఒకటి చూసి ఎంచాను. నాకోసం కాదు, భీమిలి దగ్గర వేటకెళ్ళే మా అన్నయ్య కోసం. అందుకే అందరికీ ఇక్కడే రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి ఒక మాట. ఇది ఫేస్‌బుక్‌లో చేసే ట్రోలింగ్ కాదు. పెద్ద బోట్లు వల ఈడ్చే ట్రాలింగ్ కూడా కాదు. పడవ నెమ్మదిగా నడుస్తుంటే వెనకాల దారానికి ఎరో, చేపబొమ్మో కట్టి ఈడ్చుకెళ్ళే వేట. మా వైపు దీంతో ఎక్కువగా కోనెం, సూర పడతాయి. బ్రూక్‌ఫీల్డ్ కొట్లలో మీరు అంజల్ పేరుతో కొనేది, చెన్నైవాళ్ళు వంజరం అనేది మా కోనెమే.

ఈ వేటలో ముఖ్యమైన ప్రశ్న ఒకటే. దారం ఎంత వదిలాం? దగ్గరగా వదిలితే ఇంజను చప్పుడుకి చేప రాదు. మరీ దూరమైతే పక్క దారంతో చిక్కు పడుతుంది. ఒకసారి చేప కొట్టిందంటే మళ్ళీ అదే దూరానికి వదలాలి. ఇది తెలుసుకోవడానికి మావాళ్ళకున్న సాధనం బార. రెండు చేతులూ చాపితే ఈ వేలికొస నుంచి ఆ వేలికొస దాకా ఒక బార. ఇంగ్లీషువాళ్ళ ఫాథమ్ కూడా ఇదే. ఆ మాటకి మూలార్థం చాచిన చేతులే. తర్వాత దాన్ని ఆరడుగులుగా స్థిరపరిచారు. మా అన్నయ్య కోనేనికి నలభై బారలు వదులుతాడు. నాన్న దగ్గర నేర్చుకున్న లెక్క అది.

రెండేళ్ళ కిందట పడవని ఒడ్డుకి లాగుతుంటే అన్నయ్య కుడి భుజం దెబ్బతింది. చెయ్యి పూర్తిగా చాపలేడు. అయినా నలభై లెక్కపెట్టే వదిలేవాడు. చేపలు తగ్గాయి. "నా సెయ్యి కలిసి రావట్లేదురా తమ్ముడూ, ఈ యేడు సూసి పడవ అమ్మీడమే" అన్నాడు ఫోన్లో. అసలు సంగతి కనిపెట్టింది వాడి కొడుకు. నాన్న బార చిన్నదైపోయింది చిన్నాన్నా, అన్నాడు. ఒడ్డున టేపు పెట్టి కొలిస్తే నాలుగున్నర అడుగులే వచ్చింది. నలభై బారలంటే 180 అడుగులే. దారానికి రంగు గుడ్డపీలికలు కట్టి చూశారు గానీ, తెల్లారకముందు చీకట్లో అవి కనపడవు. పైగా చేత్తో దారం లాగాలన్నా భుజమే కావాలి. అందుకని రాడ్డు, కౌంటర్ ఉన్న రీలు అనుకున్నాం.

ఇక రీలు సంగతి. లోపల దారం చుట్టుకునే స్పూలు ఉంటుంది. అది తిరిగితే చిన్న పళ్ళచక్రాలు తిరిగి, పైన పాత స్కూటర్ కిలోమీటరు మీటర్లాగా అంకెలు మారతాయి. ఒక బటన్ నొక్కితే మళ్ళీ సున్నా. అంతే యంత్రం. ఇందులో గ్రహించాల్సింది ఏమిటంటే, కౌంటర్ దారాన్ని కొలవదు, చుట్లని లెక్కపెడుతుంది. స్పూలు నిండుగా ఉండి అడ్డకొలత 5 సెంటీమీటర్లు ఉంటే ఒక చుట్టుకి 15.7 సెంటీమీటర్ల దారం వెళ్తుంది. దారం తగ్గి అడ్డకొలత 4 సెంటీమీటర్లయితే 12.6 మాత్రమే. అంకె మాత్రం రెండు చోట్లా ఒకటే పెరుగుతుంది. అందుకే సగం నింపిన స్పూలుతో ఏ కంపెనీ రీలైనా అంకె ఎక్కువ చూపిస్తుంది, దారం తక్కువ వెళ్తుంది.

రెండో సంగతి: కౌంటర్ చెప్పేది దూరం, లోతు కాదు. మూతి దగ్గర రేకున్న చేపబొమ్మ ఎంత లోతుకి దిగుతుందన్నది దారం పొడవు మీదే కాదు, దారం మందం మీద, పడవ వేగం మీద కూడా ఉంటుంది. సన్నదారం నీళ్ళని తక్కువ కోస్తుంది కాబట్టి బొమ్మ ఇంకా లోతుకి వెళ్తుంది. అంకెతో పాటు ఈ మూడూ మార్చకుండా ఉంచితేనే ఆ అంకెకి విలువ.

ఇక ఎంపిక. ఈ రీళ్ళు ఎక్కువగా అమెరికా గ్రేట్ లేక్స్ వేటలో బాగా వాడుకలోకి వచ్చినవి. క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ వైపున్న మనవాళ్ళకి ఈరీ సరస్సులో వాలై చేపల వేట తెలిసే ఉంటుంది. అది మంచినీళ్ళు, మనది ఉప్పునీళ్ళు. కాబట్టి ముందు చూడాల్సింది తుప్పు. బేరింగులకి, కౌంటర్ గదికి ఉప్పునీటి రక్షణ ఉందా అని అడగండి. షిమానో టెకోటా, డైవా సీలైన్, ఒకుమా కోల్డ్‌వాటర్, పెన్ వాళ్ళ రకాలు అన్నింట్లోనూ కౌంటర్ రీళ్ళున్నాయి. రకాన్ని బట్టి ధరల్లో చాలా తేడా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్ళే మనలాంటివాళ్ళకి మధ్యరకం చాలు. రోజూ సముద్రంలో తడిసేదానికి మాత్రం డబ్బు చూసుకోకూడదు. ఏది కొన్నా వేట అయ్యాక మంచినీళ్ళతో మెల్లగా కడిగి, డ్రాగ్ వదులు చేసి, నీడలో ఆరబెట్టాలి.

రెండోది డ్రాగ్, అంటే చేప లాగితే దారం తెగకుండా జారనిచ్చే బ్రేకు. దారం తెగే బరువులో పావు నుంచి మూడో వంతు మధ్య బిగించుకోవడం వాడుక. 30 పౌండ్ల దారమైతే 8 నుంచి 10 పౌండ్లు. కోనెం మొదటి పరుగులోనే చాలా దారం లాక్కుపోతుంది, అందుకని స్పూల్లో కనీసం 250 గజాలు పట్టాలి. దాని పళ్ళకి నైలాన్ ఆగదు, చివర్న ఉక్కు తీగ తప్పనిసరి.

మూడోది పిడి ఏ వైపు అన్నది. మామూలుగా కుడివైపు ఉంటుంది. కొన్ని రకాల్లో ఎడమ కూడా దొరుకుతుంది. అన్నయ్యకి కుడి భుజం దెబ్బ కాబట్టి ఎడమవైపు పిడి కావాలేమో అనుకున్నాం. ఆలోచిస్తే తిరగబడింది. బరువు మోసేది రాడ్డు పట్టుకున్న చెయ్యి. పిడి తిప్పడానికి మోచెయ్యి నడుము దగ్గరుంటే చాలు, భుజం ఎత్తక్కర్లేదు. కుడి పిడే తీసుకున్నాం.

నాలుగోది నాకు అన్నయ్య చెప్పిందే. కౌంటర్లు కొన్ని అడుగుల్లో, కొన్ని మీటర్లలో ఉంటాయి. "మీటర్లు నాకేటి సేసుకోను? అడుగులైతే ఆరు పెట్టి బాగించీగల్ను" అన్నాడు. అడుగుల కౌంటర్ తెప్పించాం.

ఇంతా చేసి ఒక చిక్కు మిగిలింది. నలభై బారలు ఆరుతో గుణిస్తే 240. కానీ అన్నయ్య బార ఎప్పుడైనా ఆరడుగులుందా? దెబ్బ తగలకముందు ఎవరూ కొలవలేదు. దానికి దారి దొరికింది. మనిషి బార దాదాపు అతని నిలువంత ఉంటుంది. మీరు గోడకి ఆనుకుని చూసుకోండి, ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ. అన్నయ్య నిలువు అయిదడుగుల ఆరంగుళాలు. అంటే పాత బార అయిదున్నర, నలభైకి 220. భుజం పోయినా కొలత పోలేదు, మనిషి నిలబడే ఉన్నాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో 61 రోజులు వేట నిషేధం. ఆ సమయంలోనే రీలు చేతికొచ్చింది. అన్నయ్యకి పంపేముందు మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో వంద అడుగుల టేపు పరిచి సరిచూశాను. వాచ్‌మన్ దారం కొస పట్టుకున్నాడు. స్పూలు నిండా చుట్టి లాగితే అసలు 100 అడుగులకి కౌంటర్ 104 చూపించింది, 200కి 213, మనకి కావలసిన 220కి 235. స్పూలు పక్కన మార్కర్‌తో 235 అని రాసి పంపాను.

జూన్ 15న వేట మొదలయ్యాక ఫోన్ చేశాడు. మొదటివారంలో మూడు కోనేలు పడ్డాయట. ఇది రీలు గొప్పని నేననను. నీళ్ళు, మేత, కాలం అన్నీ కలిసిరావాలి. అయితే ఒక మార్పు ఉంది. చేప పడని రోజున తన చేతిని తిట్టుకోవడం మానేశాడు. దారం సరిగ్గానే వదిలాను, ఈవేళ సేప లేదు, అంటున్నాడు. పడవ అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. రెండో దారం కొడుకు చూస్తాడు, చేత్తోనే. వాడు అన్నయ్య కంటే నాలుగంగుళాలు పొడుగు. వాడి నలభై తన నలభై కాదని అన్నయ్యకి ఇప్పుడు బాగా తెలుసు. చిక్కుపడకుండా ముప్ఫయ్యే వదలమంటున్నాడు.

కార్వార్ వెళ్దామనుకునేవాళ్ళకి చివరిగా ఒక మాట. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. ఆ రోజుల్లో పడవలు మాట్లాడుకోకండి. రీలు తెచ్చుకున్నాక దారం నిండా చుట్టించుకుని మా బేస్‌మెంట్‌కి రండి. టేపు నా దగ్గరుంది, ఆదివారం పొద్దున్న పార్కింగ్ ఖాళీగానే ఉంటుంది. అలాగే మీ నిలువెంతో కొలుచుకుని రండి.