పోయిన బాణం... రాలిన పండు!

మే నెల మధ్యాహ్నం. నూజివీడు మామిడితోటలో ఆకు కూడా కదలదు. ఉన్నట్టుండి ఎక్కడో 'ఫట్'మని ఓ చప్పుడు. ఆ వెంటనే చెట్టుమీంచి రామచిలుకల గుంపు ఒకటి కీచుకీచుమంటూ లేచి పక్కతోటలోకి పోతుంది. చప్పుడు తుపాకీది కాదు, కావలివాడి వడిసెలది. తాడు రెండు కొసలూ చేత్తో పట్టుకుని, మధ్యలో రాయిపెట్టి, తలచుట్టూ గిరగిరా తిప్పి ఒక కొస వదిలేస్తే చాలు. రాయి ఎటు పోయిందో ఎవరికీ అక్కర్లేదు. చిలుకలు లేచాయా లేదా అన్నదే లెక్క. పోయిన రాయిని వెతుక్కునే అమాయకుడు ఈ తోటల్లో ఎవరూ ఉండరు. కాలిదగ్గర ఇంకోటి ఉంటుంది మరి!

ఇదే దారిలో వెనక్కి నలభై కిలోమీటర్లు పైచిలుకు ప్రయాణిస్తే విజయవాడ. అక్కడా గురిచూసి వదిలేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లు వదిలింది ప్రతిదీ మళ్లీ తెచ్చుకోవాల్సిందే. రాలిన పండుకోసం, పోయిన బాణంకోసం గడ్డిని గాలించడం ఎలాగో తెలిసిన మనుషులు ఈ దారికి రెండు చివరలా ఉన్నారు.

విజయవాడ దాటగానే నున్న వస్తుంది. వేసవిలో అక్కడి మామిడి మార్కెట్ దగ్గర లారీల సందడి చూస్తే ఊరంతా పసుపుపచ్చగా కనిపిస్తుంది. తర్వాత శోభనాచలుడి కొండ ఉన్న ఆగిరిపల్లి. అది దాటాక దారికి రెండువైపులా ఎర్రనేలలు, వాటిమీద వరసలుగా మామిడిచెట్లు. అప్పారావుల జమీందారీగా పేరుబడ్డ నూజివీడులో కోట ఉంది, పనసకర్రతో వీణలు చేసే పనివాళ్ల పేరుంది, 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. 2022 ఏప్రిల్లో ఈ ప్రాంతం కృష్ణాజిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. జిల్లా మారినా రసం మారలేదు. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, బంగినపల్లి, కలెక్టరు... ఎవరింట్లో ఏ పండు ఇష్టమన్నది ఇక్కడ దాదాపు కులదైవం ఎవరని అడగడం లాంటిది. చిన్నరసాన్ని చాకుతో కోసి పళ్లెంలో పెట్టారంటే, వాళ్లు ఈ వైపు వాళ్లు కాదని అర్థం. దాన్ని మెత్తగా పిసికి, ముచ్చిక తీసేసి, జుర్రుకోవాలంతే.

ఈ తోటల్లో పెరిగిన పిల్లలకి గురి అన్నది విడిగా నేర్పాల్సిన విద్య కాదు. పంగలకర్రకి సైకిల్ ట్యూబు ముక్కలు కడితే ఉండేలు. అసలు పందెం కాయని కొట్టడంలో లేదు. కాయకి దెబ్బ తగలకుండా తొడిమని కొట్టాలి. రాయి తగిలిన కాయ మగ్గదు, ఆ దెబ్బ దగ్గరే కుళ్లుతుంది. అందుకే పెద్దవాళ్లు రాళ్ల జోలికి పోరు. పొడవాటి గెడకి చిక్కం కట్టి, కాయని వలలో పడేలా తొడిమతో సహా దించుతారు. తొడిమ విరిగితే సొన కారుతుంది, కారినచోట తొక్క మాడి నల్లమచ్చ పడుతుంది, ఆ మచ్చతో మార్కెట్లో ధర పడుతుంది. అంటే గురి తప్పితే పోయేది ఒక రాయి కాదు, ఒక కాయ అన్నమాట.

ఇక దారికి రెండోచివర ఉన్న విలుకాళ్ల సంగతి. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది విజయవాడే. అదే క్రీడల్లో రికర్వ్ జట్టుతో రజతం అందుకుని, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ విభాగంలో అంకితా భకత్‌తో కలిసి నాలుగోస్థానందాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్‌దీ అదే ఊరు. 2010 దిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో కాంపౌండ్ జట్టుతో రజతం సాధించిన చిట్టిబొమ్మ జిజ్ఞాస్ కూడా ఇక్కడివాడే. పతకాల లెక్క పేపర్లో వస్తుంది. రాని లెక్క ఒకటుంది. వాళ్లూ, వాళ్ల వెనక నేర్చుకుంటున్న వందలమంది పిల్లలూ గడ్డిలో పోగొట్టుకున్న బాణాల లెక్క!

గడ్డిలో దాగుడుమూతలు

కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి ముందు వెదురుతోనో కర్రతోనో చేసిన విల్లే ఇస్తారు. ఇండియన్ రౌండ్ పోటీలన్నీ వాటితోనే. అక్కడ బాణం పోయినా ఇంట్లో చిన్న గొణుగుడుతో సరిపోతుంది. ఆ మెట్టు దాటి రికర్వ్‌కో కాంపౌండ్‌కో వస్తే మాత్రం కథ మారుతుంది. విల్లు, దాని సరంజామా కలిపి లక్షల్లోకి వెళ్తుంది. మేలురకం కార్బన్ బాణం ఒక్కటే వేలరూపాయలు. జీతంమీదో కౌలుమీదో బతికే ఇంట్లో అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చి 'నాన్నా, ఈరోజు రెండు పోయాయి' అంటే ఆ నెల ఖర్చుల చిట్టా మళ్లీ రాసుకోవాల్సిందే.

బాణం దొరక్కపోవడం ఏమిటి, అంత పొడుగుంటుంది కదా అనిపించవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. లక్ష్యం తప్పిన బాణం నేలలో నిటారుగా గుచ్చుకోదు. గంటకి రెండువందల కిలోమీటర్లు దాటిన వేగంతో వాలుగా వచ్చి, గడ్డివేళ్లకీ నేలకీ మధ్యనుంచి పాములా దూరిపోతుంది. పైన గడ్డి మళ్లీ మూసుకుపోతుంది. సన్నటి నల్లకడ్డీ, అందులోనూ నీడ. దానిమీద కాలుపెట్టి నిలబడి కూడా 'ఎక్కడుందబ్బా' అని వెతికేవాళ్లుంటారు. ఎండాకాలం నేల గట్టిపడితే ఇంకో చిక్కు. బాణం నేలని తాకి, చెరువుమీద విసిరిన పెంకులా ఎగిరి, మరెక్కడో పడుతుంది.

పండైతే వాసన పట్టిస్తుంది. ఆకులకింద దాక్కున్న రసాన్ని మర్నాడు పొద్దున్నే ముక్కుతో కనిపెట్టే పిల్లలు నూజివీడు తోటల్లో కొల్లలు. బాణానికి ఆ సుగుణం లేదు. అందుకని విలుకాళ్లు తమ పద్ధతులు తాము కనిపెట్టుకున్నారు. బాణం తోకకి, ఈకలకి కళ్లు జిగేల్మనే గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగులు వాడటం అందంకోసం అనుకుంటాం గానీ సగం వెతుకులాట కోసమే. తప్పిపోయిన క్షణంలో ఎటు వెళ్లిందో కళ్లతో గీతగీసి గుర్తుపెట్టుకోవాలి. ఆ గీతమీదే నడవాలి. నిలబడి చూస్తే కనిపించదు, వంగి, చూపు నేలకి సమానంగా పెడితే రంగు మెరుస్తుంది. అప్పటికీ దొరక్కపోతే నలుగురైదుగురు వరసగా నిలబడి, కాళ్లు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడుస్తారు. కొక్కెం ఉన్న కర్రతో గడ్డిని గీరుతూ పోతే కడ్డీ తగులుతుంది. ఇంకా కాదంటే మెటల్ డిటెక్టర్. కార్బన్‌ని అది గుర్తించకపోయినా బాణం మొనలో ఉన్న లోహాన్ని పట్టేస్తుంది.

దొరికిందన్న ఆనందంలో చటుక్కున లాగకూడదు. నేలకి దగ్గరగా పట్టుకుని, దూరిన దారిలోనే వెనక్కి లాగాలి. లేకపోతే మొన మట్టిలోనే ఉండిపోతుంది, లేదా కడ్డీ విరుగుతుంది. తుడిచాక రెండు చివరలూ పట్టుకుని కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. కార్బన్‌లో కంటికి కనపడని చీలిక ఉంటే చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినకుండా అదే బాణాన్ని మళ్లీ సంధిస్తే, వదిలిన క్షణంలో అది ముక్కలై చేతిలోనే దిగబడొచ్చు. కాబట్టి దొరికిన బాణాలన్నీ తిరిగొచ్చినట్టు కాదు. కొన్ని దొరికాక కూడా పోయినట్టే. పేరున్న ఆటగాళ్లు సైతం ఈ పనిని ఇంకొకరికి వదలకపోవడానికి కారణం ఇదే.

పోటీలో పోతే?

సాధనలో అయితే చీకటిపడేదాకా వెతుక్కోవచ్చు. పోటీలో ఆ వీలులేదు. మైదానంలో అంతా ఈలమీదే నడుస్తుంది. రెండు ఈలలకి గీతమీదికి రావాలి, ఒక ఈలకి వేయడం మొదలుపెట్టాలి. మూడు ఈలలు వినపడితేనే బాణాలు తెచ్చుకోవడానికి కదలాలి. ఒకడి బాణం కనపడలేదని మిగతావాళ్లని ఆపరు. చేతిలో అదనపు బాణాలు ఉంటే ఆట సాగుతుంది. లేదంటే లేదు. అందుకే డెబ్భై మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల లక్ష్యాన్ని కొట్టడం ఎంత ముఖ్యమో, అంబులపొదిలో ఒకేరకం బాణాలు మరికొన్ని ఉంచుకోవడం అంతే ముఖ్యం. అవన్నీ ఒకే బరువు, ఒకే పొడవు, ఒకే రంగు ఈకలతో ఉండాలి. పక్కవాడి దగ్గర ఒకటి అరువడిగితే పని జరగదు. మామిడికాయ అరువిచ్చినట్టు కాదిది.

ప్రతి బాణంమీదా ఆటగాడి పేరో పొడి అక్షరాలో ఉండాలన్నది నిబంధన. ఒకే లక్ష్యంమీద ఒకరికంటే ఎక్కువమంది వేసేటప్పుడు ఏది ఎవరిదో తేల్చేది ఆ అక్షరాలే. ఒక్కోసారి బాణం లక్ష్యానికి తగిలి కూడా నిలవదు, ఎగిరి కిందపడుతుంది. దానికీ మార్కులు ఇస్తారు. ఎలాగంటే, ప్రతి విడత తర్వాత బాణాలు పీకేటప్పుడు అవి చేసిన రంధ్రాలన్నిటిపక్కనా పెన్నుతో గీత పెడతారు. గీతలేని రంధ్రం ఒకటి కనిపిస్తే పడిపోయిన బాణం తగిలింది అక్కడేనన్నమాట. ఎవరైనా బద్ధకించి గీత పెట్టకపోతే మాత్రం మంచి మార్కు గాల్లో కలిసిపోతుంది. పోటీల్లో కన్నీళ్లు పెట్టించేది చాలాసార్లు గురి కాదు, ఇలాంటి చిన్నగీతే.

తుపాకులవాళ్ల కష్టం ఇంకోరకం. వాళ్లకి పోయేది గడ్డిలో కాదు, విమానాశ్రయంలో. రైఫిల్ ఒక పెట్టెలో, తూటాలు వేరేగా, లైసెన్సు కాయితాలు చేతిలో. విమానం దిగాక సామాన్ల పట్టీ దగ్గర ఆ పెట్టె కనపడేదాకా ఊపిరాడదు. పెట్టె క్షేమంగా చేరినా వస్తువు మొరాయించవచ్చు. 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ లీవర్ పోటీ మధ్యలో విరిగింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఆగిపోయి ఫైనల్ తప్పింది. మూడేళ్లకి పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలిచాకగానీ ఆ విరిగిన లీవర్‌ని జనం మర్చిపోలేదు. అన్నట్టు, హాంగ్జౌలో నాలుగు పతకాలు తెచ్చిన హైదరాబాదీ ఈషాసింగ్ చేతిలోదీ పిస్టలే. గన్‌లో చిన్న మర బిగువు తప్పితే ఎంత నష్టమో ఈ అమ్మాయిలకి తెలిసినంతగా మెకానిక్కులకీ తెలియకపోవచ్చు.

విల్లుకి లైసెన్సు అక్కర్లేదు. కానీ రైల్లో బెర్తుకింద పట్టని ఆ పొడవాటి పెట్టెని చూసి 'ఇందులో వీణ ఉందా అమ్మా?' అని అడిగే తోటి ప్రయాణికులు ఎప్పుడూ ఉంటారు. నూజివీడు పక్కనుంచి వచ్చారు కనుక ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు!

దొరకనివి

విజయవాడలో విలువిద్య గురించి చెప్పాలంటే చెరుకూరి సత్యనారాయణ కుటుంబం దగ్గర ఆగాలి. ఆయన కుమార్తె ఓల్గా 2004లో రోడ్డు ప్రమాదంలో కన్నుమూసింది. కొడుకు లెనిన్ అంతర్జాతీయ విలుకాడు, ఆపైన కోచ్. దిల్లీ కామన్వెల్త్ క్రీడలు జరిగిన 2010లోనే అతన్నీ రోడ్డు ప్రమాదమే తీసుకెళ్లింది. పోయినవాటిని వెతుక్కోవడం పిల్లలకి నేర్పిన ఇంట్లో, వెతికినా దొరకని నష్టం రెండుసార్లు జరిగింది. విల్లు మూలన పెట్టేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. సత్యనారాయణ అలా చేయలేదు. ఇద్దరు పిల్లల పేర్లూ కలిపి చెరుకూరి లెనిన్ ఓల్గా ఆర్చరీ అకాడమీగా ఆ పని కొనసాగించారు. 2012లో పుట్టిన చిన్నకూతురు డాలీ శివాని మూడేళ్లయినా నిండకముందే, 2015లో, ఐదు, ఏడు మీటర్ల దూరాలనుంచి బాణాలు వేసి రెండువందలకి పైగా పాయింట్లతో రికార్డు పుస్తకాల్లోకెక్కింది. ఆ వయసు పిల్ల చేతిలో విల్లు చూసి మురిసినవాళ్లున్నారు, ఇంత చిన్నదానికి అంత భారమా అని కంగారుపడ్డవాళ్లూ ఉన్నారు. రెండూ సహజమే.

మళ్లీ నూజివీడు. సాయంత్రం నాలుగింటికి పడమట మబ్బుపట్టి ఈదురుగాలి లేస్తే తోటల్లో వడిసెలలు ఆగిపోతాయి. పూత నాడు తేనెమంచు పురుగునీ బూడిద తెగులునీ తట్టుకుని, పిందెనాడు ఎండని తట్టుకుని నిలిచిన కాయ అరగంటలో నేలపాలవుతుంది. తోటని గుత్తకి తీసుకున్నవాళ్లు చెట్టుకింద నిలబడి ఆ చప్పుళ్లు లెక్కపెడతారు. ఒక్కో 'ధబ్'కీ వాళ్ల గుండె ఒకసారి ఆగుతుంది. గాలి తగ్గగానే టార్చిలైట్లు, గోనెసంచులు, ఆడా మగా పిల్లాజెల్లా. పగిలినవి పచ్చడికి, నిలిచినవి మార్కెట్‌కి, మరీ చితికినవి గేదెలకి. గాలికాయకి సగం ధరా పలకదు. అయినా ఒక్కటి వదలరు. వంగి, చూపు నేలకి ఆన్చి, కాళ్లు ఈడ్చుకుంటూ వరసగా నడుస్తారు.

ఆషాఢం వచ్చేసరికి తోటలు ఖాళీ. దుక్కి దున్నితే నాగలికి వడిసెల రాళ్లు తగులుతాయి, మళ్లీ ఏడాదికి గట్టున కుప్ప పోస్తారు. దారికి రెండోచివర, వానలకి ఏపుగా పెరిగిన మైదానంలో గడ్డి కోయిస్తుంటే అప్పుడప్పుడూ ఓ బాణం బయటపడుతుంది. ఈకలు ఊడిపోయి, మొన తుప్పుపట్టి. కడ్డీమీద సగం చెరిగిన రెండు పొడి అక్షరాలు. వేలితో మట్టి తుడిచి, ఇది ఎవరిదిరా అని కోచ్ కేకేస్తే, పిల్లలంతా ఒక్కసారి పరిగెత్తుకొస్తారు.