మా రూములో మేమే బిగించుకున్న గేమింగ్ పీసీ



అమీర్‌పేటలో కోర్సుల కోసం వచ్చి ఒకే రూములో ఉంటున్న నలుగురం కలిసి మొన్న గేమింగ్ పీసీ బిగించుకున్నాం. ఒకరిది ఇంటి నుంచి వచ్చిన తునికాకు బోనస్, మిగతాది డెలివరీలు తిరిగి కూడబెట్టింది. ఆ డబ్బుతో ఆటలా అని మాలో మాకే రెండు రాత్రులు గొడవ. పగలు ఆండ్రాయిడ్ స్టూడియో నడవాలి, రాత్రి వాలరెంట్ ఆడాలి, రెంటికీ పనికొస్తేనే కొందాం అనుకున్నాం.

మైత్రీవనం చుట్టూ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి గానీ, విడి పార్టులకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకే పోవాలి. బ్లూ లైన్ మెట్రోలో ప్యారడైజ్ దగ్గర దిగితే నడిచే దూరమే. రైజెన్ 5 5600జీ తీసుకున్నాం. గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది, కార్డు తర్వాత పెట్టుకోవచ్చు. కానీ ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ ఒకే స్టిక్ వద్దు. 8 జీబీవి రెండు కొని, నాలుగు స్లాట్ల బోర్డయితే రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టండి. ఆటలో తేడా కళ్లకు కనిపిస్తుంది. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్ఎంపీఎస్‌ని మాత్రం నమ్మొద్దు.

ఒక షాపాయన బిల్లు లేకుంటే తగ్గిస్తానన్నాడు. తగ్గేది 18 శాతం జీఎస్టీ, పోయేది ప్రాసెసర్ మీద మూడేళ్ల వారంటీ. బిల్లే అడిగాం.

ప్రాసెసర్ మూల మీది బంగారు త్రికోణాన్ని సాకెట్ గుర్తుతో కలిపి వదిలితే దానంతటదే కూర్చుంది. నొక్కే పనే లేదు. బయోస్ తెర వచ్చినప్పుడు మాలో చిన్నోడు ఊరికి వీడియో కాల్ చేసి చూపించాడు. “ఇండ్ల టీవీ గూడ వస్తదా బిడ్డా?” అన్నది వాళ్లమ్మ. వస్తదన్నాం.

ఇప్పుడు కార్డు కోసం నెలకు తలా ఐదొందలు డబ్బాలో వేస్తున్నాం.