మీ వాళ్ళకు మీరే చెప్పండి మేడమ్

ఏడాదిలో రెండు రోజులు బడిలో నా మతం బయటికొస్తుంది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10. పిల్లలకు నులిపురుగుల మాత్రలిచ్చే రోజులు. మిగతా దినాలన్నీ నేను నాలుగో తరగతి మేడమ్‌ని. ఎక్కాలు చెప్పిస్తాను, ముక్కులు తుడుస్తాను, గుడ్లు లెక్కబెట్టి వంటామెకిస్తాను. ఆ రెండు రోజులు దగ్గర పడుతున్నాయంటే చాలు, హెడ్‌మాస్టర్ సారు గొంతు తగ్గించి అంటారు: "మీ వాళ్ళకు మీరే చెప్పండి మేడమ్."

మీ వాళ్ళు! ఇన్నేళ్ళుగా నా ముందు కూర్చున్న పిల్లల్లో నా వాళ్ళెవరో, కానివాళ్ళెవరో నేనెన్నడూ విడదీసి చూడలేదు. సారుకు మాత్రం తెలుసు. ఆయన చెడ్డవాడేం కాదు. ఈ మాట అనేవాళ్ళంతా మంచివాళ్ళే. నా బాధంతా అదే.

ఆ మాత్ర ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు. నమిలి మింగాలి. ఏడాది దాటిన పిల్లల నుంచి 19 ఏళ్ళ వాళ్ళ దాకా ఇస్తారు. రెండేళ్ళ లోపువాళ్ళకు సగం బిళ్ళే. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, మరుసటేడు దేశమంతా వచ్చింది. కొంకిపురుగని ఒకటుంటుంది. చెప్పుల్లేని కాలి తోలులోంచి ఒంట్లోకి దూరి, పేగును కరుచుకుని నెత్తురు తాగుతుంది. మా ఊళ్ళో చెప్పుల్లేకుండా బడికొచ్చే పిల్లలెవరో మీకు చెప్పనక్కర్లేదు. మాదిగవాడ, వడ్డెర గుడిసెలు, మసీదు వెనక గల్లీ. పురుగుకు ఈ మూడూ ఒకటే. స్టాఫ్‌రూమ్‌కు కావు. మాత్రల రోజు వడ్డెర పిల్లగాడు రాకపోతే "పనికి తోలుకపోయింటరు" అంటారు. పటేలు మనవడు రాకపోతే "జ్వరమొచ్చుంటది" అంటారు. మసీదు గల్లీ పిల్ల రాకపోతే మాత్రం, "వాళ్ళకు నమ్మకం ఉండదు గదా!"

2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా వచ్చింది. తెలంగాణ, ఆంధ్ర రెండింట్లోనూ తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలందరికీ. సూది కంటే ముందే వాట్సప్ వచ్చింది, ఇది పిల్లలు పుట్టకుండా చేసే సూది అని. ఆ పొద్దు గేటు దగ్గర బుర్ఖాలో ఒక తల్లి నిలబడి ఉంది. చేతిలో బడి నుంచి పంపిన కాగితం. "ఇస్మే క్యా లిఖే ఆపా?" అని అడిగింది. కాగితం తెలుగులో ఉంది. ఆమె చదువుకున్నది ఉర్దూ. అంటే చదువొచ్చిన మనిషే, మన కాగితం ముందు మాత్రం వేలిముద్ర మనిషి. ఆ ఏడాది నవంబరులోనే ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ శాసనసభ బిల్లు పాస్ చేసింది. ఆ భాష మా బడి గేటు దాకా నడిచి రావడం నేనింతవరకూ చూడలేదు.

ఆమె సూది వద్దనలేదు. ఏం సూదో చెప్పమంది. లోపలి నుంచి ఎవరో "వీళ్ళతోటి ఎప్పుడూ ఇదే" అన్నారు. ఇదే టీకా గురించి 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, తల్లిదండ్రుల స్పష్టమైన ఒప్పుదల లేకుండా బడుల్లో వేయకూడదని చెప్పింది. కోర్టు చెప్తే అది హక్కు. బుర్ఖా అడిగితే ఛాందసం.

ఈ భయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎమర్జెన్సీలో, 1976 నవంబరులో, హర్యానాలోని ఉటావర్ అనే ముస్లింల ఊరిని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్ళను పట్టుకుపోయి నస్బందీ చేయించారు. ఆ కథ మా గల్లీలో ఊరి పేరు పోగొట్టుకుని ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. బిన్ లాడెన్ ఆచూకీ కోసం 2011లో అబ్బొట్టాబాద్‌లో సీఐఏ ఒక డాక్టరు చేత హెపటైటిస్ టీకాల నాటకం ఆడించింది. ఇకమీదట టీకాల్ని అట్లా వాడుకోబోమని అమెరికా ప్రభుత్వం 2014లో మాటిచ్చింది. ఎవరికి ఒరిగింది?

అట్లాగని పుకారును వెనకేసుకొచ్చే ఓపిక నాకు లేదు. మా ఊళ్ళో ఆ వాట్సప్‌ను ఊరంతా తిప్పిన సాహెబులు తమ మనవలకు పట్నంలో డబ్బులు పోసి అవే టీకాలు వేయించినవాళ్ళే. తట్టుకు దొరికేది గల్లీ పిల్లలే కదా. పోలియో చుక్కల మీదా ఇట్లాంటి పుకార్లే పుట్టాయి. ఉత్తరప్రదేశ్‌లో ఇమాములు మసీదుల నుంచే చుక్కలు వేయించమని పిలుపునిచ్చారు, తల్లులు పిల్లల్నెత్తుకుని వచ్చారు. 2011 జనవరి తర్వాత ఈ దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన కేసు లేదు. ఆ లెక్కలో మా తల్లుల పేర్లు కూడా రాయాలి కదా! పుకారు నమ్మినప్పుడు మతం పేరు చెప్తారు. చుక్కలు వేయించినప్పుడు చెప్పరు.

ఆ కాగితాన్ని ఉర్దూలో రాశాను. నా ఉర్దూ అంతంతమాత్రం. మౌజన్ సాబ్ తప్పులు దిద్ది, జుమ్మా నమాజ్ అయ్యాక చదివి వినిపించారు. జిరాక్స్‌కు అయిన పైసలు ఏ పద్దులోనూ రాయడానికి లేదు. పోనివ్వండి.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు వారానికొక గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇవ్వాలి. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక. రంజాన్‌లో జుమ్మా రోజు నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ముచ్చటపడి రోజా ఉంటారు. "మందుకు కూడా మతమేనా?" అని ఒక టీచరమ్మ విసుక్కుంది. శనివారం ఉపవాసముండే ఆమె నోట్లోంచి ఆ మాట రావడం విని నవ్వొచ్చింది. ఆ మాత్ర సోమవారం వేస్తే ఏం మునిగిపోతుంది? సోమవారమే వేశాను.

రక్తం పట్టే తిండి గురించి పాఠం చెప్పాలి. గోడ మీద బొమ్మల్లో తోటకూర, పాలకూర, బెల్లం, పల్లీలు, ఖర్జూరం. ఒక పిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, కలేజీ?" వెనక బెంచీ నుంచి ఎవడో "బడేకా" అని గొణిగాడు. క్లాసు కిసుక్కుమంది. పిల్ల చెయ్యి దించేసింది. ఆకుకూరలోని ఇనుము కంటే మాంసంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని డాక్టర్లే చెప్తారు. మసీదు గల్లీలోనూ మాదిగవాడలోనూ అగ్గువకు దొరికే రక్తం అదే. ఆ గోడ మీద మాత్రం దానికి చోటు లేదు. బోర్డు మీద పాలకూర కింద 'కార్జం' అని రాశాను. దేనిదో రాయలేదు. రాస్తే ఏమవుతుందో ఈ రోజుల్లో మీకూ తెలుసు. ఆ పిల్ల నోట్‌బుక్‌లో మాత్రం అక్షరాల కింద రెండు గీతలు కొట్టుకుంది.

అదే పిల్లను బడికి వచ్చే ఆరోగ్య బృందం చూసింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు. ఏడాదికోసారి బండిలో వస్తారు, ఎత్తు, బరువు, కళ్ళు, పళ్ళు, గుండె చప్పుడు చూస్తారు. వచ్చిన డాక్టరమ్మ యునానీ చదివిన మనిషి. పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, "తెల్లగా పాలిపోయింది, జిల్లా ఆస్పత్రికి తీసుకుపోవాలి" అని చీటీ రాసిచ్చింది.

మా నిజామాబాద్ వైపు ఈ గల్లీల్లో ఇంటింటా బీడీలే. చాట ఒళ్ళో పెట్టుకుని తల్లి, ఆ పొగాకు దుమ్ములోనే పక్కన పిల్లలు. చీటీ పట్టుకుని నేనే పోయాను. "ఏక్ దిన్ గయే తో హజార్ బీడీ గయే ఆపా" అంది తల్లి, చెయ్యి ఆపకుండానే. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు. బస్సు సరే, ఆ దినం కూలి ఎవరిస్తారు?

తిరిగొచ్చేసరికి సారు రిజిస్టర్ ముందుంచారు. పంపిన పిల్ల ఆస్పత్రికి పోకపోతే రాయడానికి ఒక గడి ఉంది: 'నిరాకరించారు'. పేరు చూసి ఆ గడిలో టిక్ పెట్టబోతుంటే రిజిస్టర్ నా వైపుకు తిప్పుకున్నాను. అంచున ఖాళీ జాగాలో రాశాను: 'తల్లికి బీడీల పని. ఆదివారమైతే తీసుకుపోతానంది.'

ఆదివారం అక్కడ ఓపీ ఉండదు.