ఆట రికార్డింగుకు ఏ డ్రైవ్?

కంప్యూటర్లో ఆడే ఆటను వీడియోగా రికార్డు చేయడానికి ఖరీదైన డ్రైవే ఉండాలన్న నియమం లేదు. 1080పీ దృశ్యాన్ని సెకనుకు 60 ఫ్రేముల చొప్పున ఉన్నదున్నట్టు రాయాలంటే సెకనుకు సుమారు 373 మెగాబైట్లు అవుతుంది. గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ దాన్ని అక్కడికక్కడే కుదిస్తుంది. నాణ్యత సెకనుకు 40 మెగాబిట్లు పెట్టుకుంటే డ్రైవుకు చేరేది 5 మెగాబైట్లే. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే మామూలు హార్డ్ డిస్క్, వరుసగా రాసేటప్పుడు సెకనుకు 100 మెగాబైట్లు తేలిగ్గా రాస్తుంది. మిర్చి, పొగాకు డబ్బు చేతికందాకే సిస్టమ్ కొనే పొదిలి లాంటి ఊళ్ల ఇళ్లలో ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి.

చిక్కల్లా విండోస్, ఆట, రికార్డింగ్ మూడూ ఒకే హార్డ్ డిస్క్ మీద పడినప్పుడు వస్తుంది. మార్కెట్ యార్డులో ఉన్న ఒక్క కాటా దగ్గరికి మూడు లారీల బస్తాలు ఒకేసారి వచ్చినట్టు, డిస్కు హెడ్ ఏ పనీ వరుసగా చేయలేక అటూ ఇటూ తిరుగుతుంది. ఆట ఆగి ఆగి నడుస్తుంది, వీడియోలో ఫ్రేములు ఎగిరిపోతాయి. విండోస్‌నూ ఆటనూ ఎస్‌ఎస్‌డీలో ఉంచి, రికార్డింగుకు వేరే డ్రైవ్ కేటాయిస్తే ఈ బాధ తప్పుతుంది.

ఆ రెండో డ్రైవులో చూడాల్సింది చోటు. పై లెక్కన గంటకు 18 జీబీ, రోజుకు రెండు గంటలైతే 36 జీబీ. ఒక టీబీ నెల తిరక్కుండానే నిండుతుంది. హార్డ్ డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ రకానికి ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పాతవి చెరిపి కొత్తవి రాసేకొద్దీ అది నెమ్మదిస్తుంది. సీఎంఆర్ రకమే అడిగి తీసుకోవడం మేలు. రికార్డింగుకు ఎస్‌ఎస్‌డీనే వాడినా అది త్వరగా అరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. 600 టీబీ రాతకు హామీ ఉన్న డ్రైవు రోజుకు 36 జీబీ చొప్పున 40 ఏళ్లు దాటినా ఆ హద్దుకు రాదు. బయట తగిలించే డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీ దాటదు, అంటే పావుగంట రికార్డింగ్ కూడా పట్టదు. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఎక్స్‌ఫ్యాట్‌కో మార్చుకోవాలి.

పొదిలి ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ బాగా వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి హీట్‌సింక్, క్యాబినెట్‌లో గాలి ఆడే దారి ఉండాలి. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 ఫైలు సాధారణంగా తెరుచుకోదు. ఎంకేవీలో రాస్తే అప్పటివరకు రాసింది దక్కుతుంది. రికార్డింగుకు వాడే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తర్వాత ఎంపీ4గా మార్చుకోవచ్చు. యూపీఎస్ ఉంటే డిస్కుకూ రక్షణే.

మొత్తం మీద ఆటకు ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ, రికార్డింగుకు 2 టీబీ సీఎంఆర్ హార్డ్ డిస్క్ చాలామందికి సరిపోతాయి. దాచుకోవాలనుకున్న వీడియోలకు మాత్రం మరోచోట ఇంకో ప్రతి ఉండాలి. ఎంత మంచి డ్రైవైనా ఏదో ఒక రోజు పాడవుతుంది.